ఆరడం వేరు, ఎండడం వేరు, ఇగరడం వేరు

ఫిలిప్పీన్స్ భాషల పదపట్టికలు ఏవి తీసినా ఈ రెండు వరసలు తగులుతూనే ఉంటాయి. ‘పొడి: ఇలొకానోలో నమగా, సెబువానోలో ఉగా.’ ‘ఎండాకాలం: ఇలొకానోలో కల్‌గావ్, సెబువానోలో తింగ్-ఇనిత్.’ వాటి వెనకాలే ఒక వివరణ కూడా నడిచొస్తుంది. ఉత్తరాన లుజాన్ దీవిలో ఇలొకోస్ తీరం ఆర్నెల్లు వాన చూడదు కాబట్టి ఇలొకానో వాళ్లకి ఆ కాలానికి సొంతంగా ఒక మాట పుట్టిందట. దేశం నడిమి దీవుల్లో సెబు వైపుండే సెబువానో వాళ్లకి అంత గట్టి ఎండాకాలం లేదు కాబట్టి ‘వేడి’కి ఒక ఉపసర్గ తగిలించి సరిపెట్టుకున్నారట. ఎండ ఎక్కువున్న చోట మాటలెక్కువ అన్నమాట.

వినడానికి బాగుంటుంది. నా మటుకు పట్టిక సగం తప్పు, వివరణ ముప్పాతిక తప్పు.

పట్టిక ఎందుకు తప్పో తెలుగువాళ్లకి చెప్పడం తేలిక. బట్టలు ఆరతాయి. మిరపకాయలు ఎండుతాయి. పులుసు ఇగురుతుంది. చెరువు అడుగంటుతుంది. ఆకు వడలుతుంది. నేల బెట్టకొస్తుంది. నాలుక పిడచగట్టుకుపోతుంది. వీటన్నిటికీ కలిపి ఎవరైనా ‘పొడి’ అని ఒక్క మాట రాసిచ్చి తెలుగు నేర్చుకోమంటే, ఆ మాట నేర్చినవాడు ‘పులుసు పొడి అయిందా?’ అని అడుగుతాడు. మనం నవ్వుతాం. ఇలొకానో, సెబువానోల విషయంలో మనమే ఆ పని చేస్తున్నాం.

ఫిలిప్పీన్స్ దక్షిణాన దావావో నగరంలో వైద్యం చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడ వీధిలో, బజారులో వినబడే బిసాయా అంటే సెబువానోయే. ఉత్తరాన దగూపన్ నగరం వైపు వెళ్లినవాళ్లకి ఇలొకానో చెవిన పడుతుంది. కాబట్టి ఇది మనకి బొత్తిగా దూరపు గొడవేం కాదు.

నీళ్లు ఏ దారిన పోయాయి

సెబువానోతో మొదలుపెడదాం. అక్కడ పొడికి కనీసం రెండు మాటలున్నాయి, ఉగా, మలా. పట్టికలో ఉగా ఒక్కటే మిగలడానికి కారణం అది విశేషణంగా హాయిగా ఒదుగుతుంది, ఇంగ్లీషు మాట పక్కన చక్కగా కూర్చుంటుంది. మలా కాస్త తిరకాసు మాట. ఇంతకుముందు తడిగా ఉన్నది, లేదా నీళ్లు నిలిచినది, ఆ నీళ్లు పోగొట్టుకుంటే మలా. వాగు మమలా అవుతుంది, ఉతికిన చొక్కా మమలా అవుతుంది. సెబువానో బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయంలో సముద్రం ఒకచోటికి చేరి నేల బయటపడినప్పుడు, ఆ నేల ‘యుతా ఙ మమలా’. తెలుగు బైబిల్ అదే చోట ‘ఆరిన నేల కనబడును గాక’ అంటుంది. ఎండిన నేల అనలేదు, పొడి నేల అనలేదు. ఇక్కడా అక్కడా అనువాదకులు ఒకే గీత దగ్గర ఆగారు. నీటి కింద నుంచి బయటికొచ్చిన నేలకి ఎండ తగిలిన గుర్తు ఉండదు, ఆరిన గుర్తే ఉంటుంది.

ఈ గీత గట్టిదని నేను అనను. ఉగాకీ మలాకీ మధ్య పేచీ లేకుండా ఒకదాని బదులు ఇంకోటి వాడే సెబువానోలు బోలెడు మంది. మన దగ్గర మాత్రం ‘బట్టలు ఎండాయా?’ అనేవాళ్లు లేరా? ఉన్నారు. అంచు చెదిరినంత మాత్రాన గీతే లేదనుకోకూడదు. సెబుకి పడమట ఇలొయిలో వైపు వెళ్తే అక్కడి హిలిగైనాన్ భాషలో మామూలు పొడికి మలా మిగిలింది, ఉగా అంటే నేరుగా ఎండుచేప. పక్కపక్క భాషలు ఒకే జంటని చెరోవైపు పంచుకున్నాయి. ఉగాని పొడి అని మాత్రమే బట్టీపట్టి ఇలొయిలో సంతకెళ్తే బుట్ట వాసనొస్తుంది.

తర్వాత హుబాస్. నా లెక్కలో ఈ మొత్తం పదజాలంలో తెలుగువాడికి అన్నిటికన్నా ముందు అందేది ఇదే, పట్టికల్లో ఎప్పుడూ ఉండనిదీ ఇదే. గిన్నెలో నీళ్లు మరిగి మరిగి తగ్గిపోతే హుబాస్. అడోబో అనే మాంసం కూర వండేటప్పుడు వెనిగరు, సోయా నీళ్లు ముక్కకి పట్టేదాకా మంట మీద ఉంచడం హుబాస్ అయ్యేదాకా ఉంచడమే. అంటే ఇగురు. ఇంగ్లీషు వంటవాళ్లు దీన్ని ‘రెడ్యూస్’ అని ఊరుకుంటారు, తెలుగులో కూరకి పేరే అది. అయితే హుబాస్ గిన్నె దగ్గర ఆగదు, బావికీ వాగుకీ వెళ్తుంది. ఎండకి బావి హుబాస్ అవుతుంది. మనం బావి ఇగిరిందని అనం, ఇంకిపోయిందంటాం, అడుగంటిందంటాం. మనకి నీరు కిందికి దిగింది, వాళ్లకి పాత్రలోంచి తరిగింది. దీనికి దగ్గరగా వినబడే హునాస్ మాత్రం వేరు, అది సముద్రపు పోటు తీయడం. హునాస్ నీళ్లు సాయంత్రానికి వెనక్కొస్తాయి, హుబాస్ నీళ్లు రావు. ఒక్క అక్షరం తేడా, కలిపేస్తే పడవవాడు బిత్తరపోతాడు.

మొక్కల పొడి మళ్లీ వేరే లెక్క. సెబువానోలో ఇంకా తడి ఉండి వాలిపోయిన ఆకు లావొస్, తడి అంతా పోయి గలగలమనే ఆకు లయా. ఇలొకానోలో ఎండుటాకు, ఎండు కొమ్మ నగాంగో. దాన్ని నమగా అన్నా అర్థమవుతుంది కానీ అడవిలో రాలిన ఆకు మీద కాలేస్తే నోటికొచ్చేది నగాంగోయే. లయా దగ్గర ఒక గుంట ఉంది చూసుకోండి. సెబువానోలో లయా అంటే ఎండిన ఆకు, ఇలొకానోలో లయా అంటే అల్లం. సెబువానోలో అల్లానికి లుయ్-ఆ. ఎండిన అల్లానికి శొంఠి అని వేరే పేరే పెట్టుకున్న మనకి ఈ తికమక కొంచెం ముచ్చటగా ఉంటుంది.

చేసిన పని, అయిన ఫలితం

తెలుగు ఒక చోట మనల్ని మోసం చేస్తుంది. మన ఎండ, ఎండు, ఎండబెట్టు అన్నీ ఒకే వేరు. ఎండలో పెట్టడమూ ఎండిపోవడమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇలొకానో ఆ రెంటినీ విడదీసి పెట్టింది. ఇబిలాగ్ అంటే ఎండలో పరవడం, అంతే. అది పని. ఆరిందా లేదా అన్న పూచీ దానికి లేదు. ఆరితే నమగా, ఆరేలా చేస్తే పమగాఎన్. అందుకే ఇలొకానో మనిషి ‘ఇంబిలాగ్‌కో, ఙెమ్ సాఆన్ పాయ్ అ నమగా’ అనగలడు. ఎండలో వేశాను, ఇంకా ఆరలేదు అని. సెబువానోలోనూ అంతే: ‘గిబులాద్ నా, పెరో వలా పా మమలా.’ బులాద్ పని, మలా ఫలితం. మనం ఇదే మాట ‘ఎండబెట్టాను గానీ ఎండలేదు’ అంటే ఏదో మన మీద మనమే ఫిర్యాదు చేసుకున్నట్టు ఉంటుంది.

ఈ విడదీత ఉత్తి వ్యాకరణం కాదు. వడ్ల దగ్గర అది డబ్బు. కోసినప్పుడు వడ్లలో తేమ 20 నుంచి 25 శాతం ఉంటుంది, నిల్వకి, మరకి 14 శాతానికి దిగాలి. సిమెంటు గచ్చు మీద 2 నుంచి 4 సెంటీమీటర్ల మందంలో పరిచి అరగంటకోసారి తిరగేయాలి. అంతకన్నా పల్చగా వేస్తే గింజ మరీ వేడెక్కి లోపల పగుళ్లు పడుతుంది, మరలో నూక అవుతుంది. మందంగా వేస్తే పైన ఆరి కింద చెమ్మ మిగులుతుంది. మధ్యాహ్నం గింజ వేడి 50 డిగ్రీలు దాటుతుంటే కప్పేయాలి. సాయంత్రం ఎత్తకపోతే రాత్రి మంచు తాగి మళ్లీ మొదటికొస్తుంది, ఆరిన గింజ చెమ్మ పీల్చినప్పుడే పగులు ఇంకా ఎక్కువ. ఈ మొత్తంలో బిలాగ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరుగుతూనే ఉంటుంది. మగా జరిగిందో లేదో గింజ కొరికితే తెలుస్తుంది, మీటరు పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్లో ఆ గచ్చు చాలాచోట్ల బాస్కెట్‌బాల్ కోర్టే. సర్కారు కాగితాల్లో దాని పేరు సోలార్ డ్రయ్యర్. ఇలొకానోలో పగ్‌బిలాగన్, అంటే బిలాగ్ చేసే చోటు. కాగితం ఆరబెట్టే యంత్రం ఉన్నట్టు మాటిస్తుంది, ఇలొకానో మాట పరిచే చోటు ఉందని మాత్రమే చెబుతుంది. నిజాయితీ ఎక్కడుందో చూడండి.

మనం కూడా వడ్లని ఎక్కువగా ఆరబోస్తామనే అంటాం. మిరపకాయల్ని ఎండబెడతాం. ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర 17 శాతం తేమ కోసం రోడ్డు మీద పోసేది ఆరబోతే. గింజ గింజగానే ఉండాలి, ఒంటి మీది, ఒంట్లోని అదనపు చెమ్మ పోతే చాలు. మిరపకాయ మాత్రం మారిపోవాలి, పండు కాస్తా వేరే సరుకు కావాలి. నాకు తోచినంతలో ఆరుకీ ఎండుకీ మధ్య అసలు తేడా ఇదే, సెబువానో మలాకీ ఉగాకీ మధ్య కూడా ఇలాంటిదేదో తచ్చాడుతూ ఉంది.

బులాద్ అన్న మాట పనితో మొదలై సరుకు పేరుగా స్థిరపడింది. సెబులో బులాద్ అంటే ఎండుచేప. బంతాయన్ దీవి నుంచి వచ్చే దంగ్గిత్ అనే చేప పేరున్నది. చేపని వీపు వైపు నుంచి చీల్చి పుస్తకంలా తెరిచి, పేగు తీసి, కడిగి, ఉప్పునీట ముంచి, వెదురు తడకల మీద ఒక్క వరసలో పరుస్తారు. చిన్న చేప కాబట్టి గట్టి ఎండ ఒక్క రోజు కాస్తే దాదాపు పనైపోతుంది. పెద్ద చేపకి అదే ఎండ శత్రువు. పైన చర్మం గబగబా బిగుసుకుపోతే లోపలి నీరు బయటికి రాలేదు, పైకి ఎండినట్టే ఉండి లోపల కుళ్లుతుంది. అప్పుడది బులాద్ అయింది, ఉగా కాలేదు. మబ్బు పట్టిన రోజు ఇంకో తంటా, ఈగలు. చీల్చిన చేపకి పినికస్ అనే పేరు కూడా ఉంది, పికస్ అంటే సగం చెక్క. ఒకే సరుకుని కత్తి పేరుతోనూ, ఎండ పేరుతోనూ, పక్క భాషలో పొడి పేరుతోనూ పిలుస్తారు.

గ, ల, ద

ఇప్పుడు ఒక మాట. నమగాలో న- విశేషణం చేసే ముక్క, అసలు వేరు మగా. మగా, మలా. వినడానికి ఏదో పోలిక ఉన్నట్టుంది, కాకతాళీయమేమో అనిపిస్తుంది. కాదు. పేరుని ఇలొకానోలో నాగన్ అంటారు, సెబువానోలో ఙాలన్ అంటారు. అచ్చుల మధ్య ఇలొకానో ‘గ’ ఉన్నచోట సెబువానోలో ‘ల’. మాట చివర అయితే ‘గ’కి ‘ద’. బొడ్డు ఇలొకానోలో పుసెగ్, సెబువానోలో పుసొద్. ఈ సూత్రం పట్టుకుని చూస్తే మగా, మలా ఒకే మాట. బిలాగ్, బులాద్ చివరి హల్లు కూడా అలాగే జత కుదురుతుంది, మొదటి అచ్చు మాత్రం మొరాయిస్తుంది.

ఈ గ, ల, దలు పుట్టిన పాత తల్లిభాష ధ్వని ఇంకా దూరం వెళ్లింది. ఫిజీలో అది ‘ద’లా మారింది, అక్కడ ఎండిపోవడం, ఖాళీ అవడం ‘మద’. యంగోనా అనే వేరు పానీయం తాగేచోట ఒకడు చిప్ప ఎత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేస్తే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి అరిచే ‘మద!’ ఇదే. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటలకి వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవళ్ల చెవిన పడిన ఆ అరుపూ, ఇలొకోస్‌లో గచ్చు మీద వడ్లు చూసి అనే నమగా కూడా ఒకే తల్లి పిల్లలు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పొడికి ఇలొకానో మాట ఇలొకోస్ ఎండలో పుట్టింది కాదు. సెబువానో మాట సెబు మబ్బుల కింద పుట్టిందీ కాదు. ఆ రెండు భాషలూ వేరుపడక ముందే ఆ మాట వాళ్ల పూర్వీకుల నోట ఉంది.

కల్‌గావ్ సంగతేమిటి మరి? సొంత మాట, ఉపసర్గ అవసరంలేని మాట అని చెప్పుకునేది అదే కదా. నాకు దాని మీద ఒక అనుమానం ఉంది. ఇలొకానోలో పగలుకి అల్దావ్. కగయాన్ లోయలో ఇతావిస్ భాషలో అదే పగలు అల్‌గావ్, ఇబనాగ్‌లో అగ్గావ్. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఇలొకానోలోనూ ‘గ’ రావాల్సింది, కానీ హల్లు మీద హల్లు పడినచోట ఆ సూత్రం తడబడుతుంది. పిత్తానికి ఇలొకానో మాట అప్రో, సెబువానోలో అప్దో, అక్కడ ‘గ’ కాకుండా ‘ర’ తేలింది. కల్‌గావ్ ముందున్న క- తీసేస్తే మిగిలేది అల్‌గావ్, అచ్చంగా పక్కింటివాళ్ల పగలు. ఇది నా ఊహ అనే తీసుకోండి. నిజమైతే మాత్రం ‘సొంత మాట’ కూడా ఒకప్పటి అతుకుల మాటే, అతుకు కనబడకుండా అరిగిపోయిందంతే.

సెబువానో పొద్దుని చూడండి. అద్‌లావ్ అంటే సూర్యుడూ, పగలూ రెండూ. మన ‘పొద్దు’ లాగే. ఇలొకానోలో అల్దావ్ పగలు మాత్రమే, సూర్యుడికి ఇనిత్. ఆ ఇనిత్ సెబువానోలో వేడి. కాబట్టి ‘లుమ్‌నెక్ తి ఇనిత్’ అని ఇలొకానో మనిషి పొద్దుగుంకుతోందంటే, సెబువానో మనిషికి వేడికి ఏదో అవుతోందని మాత్రం తెలుస్తుంది. ఎండకీ ఎండడానికీ ఒకే వేరున్న మనకి ఇందులో ఆశ్చర్యం లేదు.

సెబులో ఇంకో చిక్కు చెవికి. సెబు నగరంలో అచ్చుల మధ్య ‘ల’ నిలవదు. ఉలాన్, అంటే వాన, ఉవాన్ అవుతుంది. బులాద్ బువాద్ అవుతుంది. తబోఆన్ ఎండుచేపల బజారులో బోర్డు మీదా బువాదే. హులావ్, అంటే వాన ఎగ్గొట్టడం, హువావ్ అవుతుంది. విన్నది విన్నట్టు ‘వ’తో నిఘంటువులో వెతికితే చాలా మాటలు దొరకవు. ‘వ’ తీసి ‘ల’ పెట్టి మళ్లీ వెతకాలి.

వాన లెక్కలు ఏమంటాయి

వాతావరణం వాదనకి న్యాయం చేయాలి. ఫిలిప్పీన్స్‌లో ఇప్పటికీ వాడే వర్గీకరణకి మూలం 1920లో జెసూట్ ఫాదర్ హోసే కొరొనాస్ వేసినది. దాంట్లో మొదటి రకం అంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఖచ్చితమైన పొడి, తక్కిన నెలలు వాన. ఇలొకోస్ అందులోకి వస్తుంది. ఈశాన్యపు గాలి, వాళ్ల అమియాన్, కొండలకి అవతలి వైపు తడి దించేసుకుని ఇటు ఉత్తచేతులతో దిగుతుంది. సెబువానో మాట్లాడే నేలలు రెండు, మూడు, నాలుగు రకాల మీద పరుచుకుని ఉన్నాయి. సురిగావ్‌కి పొడికాలమే లేదు, అదే ఈశాన్యపు గాలి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ కుండపోత పోస్తుంది. దావావో నాలుగో రకం, ఏడాది పొడుగునా వాన సర్దుకుని ఉంటుంది. తెలంగాణలో పొలం ఆరిపోయే నవంబరులో నెల్లూరు మునిగినట్టు, ఒకే గాలి ఒకడికి పొడి, ఒకడికి తడి.

ఇంతవరకూ ఆ వాదన నిలబడినట్టే ఉంటుంది. కానీ మొత్తం వాన చూస్తే తలకిందులవుతుంది. ఇలొకోస్‌లో లావోఆగ్‌కి ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకి పైనే కురుస్తుంది. సెబు పక్కన మక్తాన్‌కి అంతకన్నా తక్కువ. పొడి నేల అనిపించుకున్నదానికే వానెక్కువ, కాకపోతే అదంతా కొన్ని నెలల్లో కుమ్మరిస్తుంది. సెబుకి వాన పరుచుకుని పడినా, సున్నపురాయి నేల నీటిని పైన నిలవనివ్వదు. మన్ను పలచన. అందుకే అక్కడ వరి కన్నా మొక్కజొన్న ఎక్కువ తిన్నారు, రవ్వ చేసి అన్నంలా వండుకున్నారు. సెబులో పొడితనం ఆకాశం నుంచి వచ్చింది సగమే, రాయి నుంచి వచ్చింది సగం. మాటల సంఖ్యని వాన మ్యాపుతో కొలిచేవాళ్లు రాయిని ఎక్కడ కలుపుతారో చెప్పరు.

అంతకన్నా పెద్ద అడ్డంకి వలస. దావావోలో ఇవాళ వినబడే సెబువానో అక్కడిది కాదు. సెబు, బొహోల్ వగైరా విసాయా దీవుల నుంచి ఇరవయ్యో శతాబ్దంలో తరలివెళ్లిన జనంతో వెళ్లింది. ఏడాదంతా వాన పడే ఊళ్లోనూ వాళ్లు తింగ్-ఇనిత్ అనే అంటారు, తింగ్‌హులావ్ మాట మర్చిపోలేదు. ఇలొకానో కూడా కగయాన్ లోయకి, నువేవా ఎసిహాకి, హవాయికి వెళ్లింది, కల్‌గావ్‌ని మూటలో పెట్టుకునే వెళ్లింది. నేల మారినప్పుడల్లా మాట మారలేదు.

తింగ్- ని తక్కువ చేసి చూడటం కూడా నాకు నచ్చదు. తింగ్-ఉలాన్ వానలకాలం, తింగ్-ఆని కోతలకాలం, తింగ్-ఇనిత్ వేడికాలం, తింగ్‌హులావ్ వాన లేని కాలం, తింగ్‌గుతోమ్ ఆకలికాలం. వేడికీ పొడికీ విడివిడిగా కాలాలు పెట్టుకునే వీలు ఆ భాషకి ఉంది. ఇలొకానోకి కల్‌గావ్ ఒక్కటే ఆ రెంటినీ మోస్తుంది, నిఘంటువులు దానికి పొడికాలమనీ, వేసవి అనీ రెండర్థాలూ ఇస్తాయి. ఇక్కడ ఉపసర్గ ఉన్న భాషే పదునుగా ఉంది. వానకాలానికి వచ్చేసరికి ఇలొకానో కూడా పనగ్‌తుతూదో అని అతికించుకుంటుంది, తూదో అంటే వాన.

కల్‌గావ్ అంటే కరువు కాదు

మన కరువు అన్న మాట చాలా బరువు మోస్తుంది. వాన లేకపోవడం, పంట లేకపోవడం, తిండి లేకపోవడం, చివరికి సరుకు దొరక్కపోవడం కూడా కరువే. ఆ కళ్లద్దాలతో ఇలొకానో చూస్తే పొరపాటు ఖాయం. అక్కడ వాన ఎగ్గొడితే తికాగ్. తిండి గింజలు అడుగంటిన రోజులు గావత్. ఈ గావత్ ఎప్పుడొస్తుందో చూడండి. జూలై నుంచి సెప్టెంబరు, నడి వానల్లో. పోయినేటి వడ్లు అయిపోయాయి, కొత్తవి ఇంకా పొలంలో పచ్చగా ఉన్నాయి. బయట కుండపోత, గాదె ఖాళీ.

కల్‌గావ్ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. వరి కోశాక అదే మళ్లలో వెల్లుల్లి పాయలు గుచ్చుతారు, పైన వరిగడ్డి కప్పుతారు. ఆ గడ్డి మిగిలిన చెమ్మని ఎగిరిపోనివ్వదు, కలుపుని లేవనివ్వదు. ఇలొకోస్‌లో సినాయిత్ ఊరి వెల్లుల్లి అలా వచ్చేదే. వర్జీనియా పొగాకు కూడా పొడి నెలల పంటే, ఆకు కోసి పుగోన్లు అనే బట్టీ గదుల్లో నిప్పు పెట్టి పండిస్తారు. ఒంగోలు వైపు నేలలో మిగిలిన పదును మీద పొగాకు వేసి బ్యారన్ కాల్చేవాళ్లకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. చేతిలో డబ్బు ఆడే కాలాన్ని ‘ఎండాకాలం’ అని తెలుగులో రాసి వదిలేస్తే, చదివేవాడికి బీటలు వారిన చెరువు కనబడుతుంది. అది తికాగ్ బొమ్మ.

మూడు మెట్లు, ఒక మాట

ఇదంతా పండితుల సరదా అనుకునేవాళ్ల కోసం ఒక పనికొచ్చే చోటు. ఫిలిప్పీన్స్ వాతావరణ శాఖ పగాసా వాన లోటుని మూడు మెట్లుగా కొలుస్తుంది. సగటు కన్నా 21 నుంచి 60 శాతం తక్కువ వాన వరసగా 2 నెలలు ఉంటే మొదటి మెట్టు, పొడి పరిస్థితి. అదే లోటు 3 నెలలు సాగినా, 60 శాతం దాటిన లోటు 2 నెలలు ఉన్నా రెండో మెట్టు, మన వ్యవసాయ శాఖ వాళ్లు బెట్ట అనేలాంటిది. మొదటి రకం లోటు 5 నెలలు, లేదా 60 దాటిన లోటు 3 నెలలు అయితే మూడో మెట్టు, అసలు కరువు. 1997-98లో, 2015-16లో, 2023-24లో ఎల్ నీన్యో వచ్చినప్పుడు ఏ ప్రాంతం ఏ మెట్టు మీద ఉందో నెలనెలా చెప్పాల్సొచ్చింది.

ఈ మూడు మెట్లూ ఇలొకానోలోకి దిగేసరికి పై రెండూ తికాగ్ అయిపోతాయి, సెబువానోలో హులావ్ అయిపోతాయి. మొదటి మెట్టుకి నమగా, ఉగా అని ఏదో ఒకటి తగిలిస్తారు, అది వినేవాడికి ఉతికిన బట్టలు గుర్తుతెస్తుంది. రైతుకి కావాల్సింది తేడా. బెట్ట అయితే నారు ఒక వారం ఆపొచ్చు, కరువైతే వరి మానేసి పెసర చల్లుకోవాలి.

కొత్త మాటలు పుట్టించాలని కొందరంటారు. తికాగ్‌కి ఒక చిన్న తమ్ముణ్ణి తయారుచేసి కరపత్రాల్లో పెడితే జనం పట్టుకోరని నా నమ్మకం. ఎల్ నీన్యో అన్న స్పానిష్ మాటే ఊళ్లలో మామూలు నామవాచకం అయిపోయింది. పక్కన వేరే మాటకి చోటు లేదు. మాట మార్చకుండా నెలలు చెబితే పనవుతుంది. నెలకి రెండు భాషల్లోనూ ఒకటే మాట, బులన్. ఇలొకానోలో ‘తల్లో అ బులన్ అ తికాగ్’, సెబువానోలో ‘తులో కా బులన్ ఙ హులావ్’. మూడు నెలల వాన లోటు, అంతే. ఎంత శాతమో పక్కన అంకె వేస్తే మెట్టు రైతే లెక్కేసుకుంటాడు. సెబులో అచ్చు వేసేవాడు ‘ల’ ఉంచి బులన్, హులావ్ అని వేస్తాడు, చదివేవాడు బువన్, హువావ్ అని చదువుకుంటాడు.